మారు వడ్డించని బంతి

మా బాబాయి ముప్ఫై నాలుగేళ్ళు పెళ్ళివంటలు చేశారు. అమలాపురం చుట్టుపక్కల ఊళ్ళలో ఆయన గాడిపొయ్యి తవ్వించని పెరడు తక్కువని మా ఇంట్లో ఇప్పటికీ చెప్పుకుంటారు. మోకాళ్ళు మొరాయించడంతో నాలుగేళ్ళ కిందట గరిటె పక్కన పెట్టిన ఆయన, గత మార్చిలో కంటి పరీక్ష కోసం బెంగళూరు వచ్చి మా ఇంట్లో వారం రోజులు ఉన్నారు. ఆ వారంలో ఒక రాత్రి ఆయన్ని పన్నెండు కుర్చీలు మాత్రమే ఉన్న ఒక చిన్న రెస్టారెంటుకు తీసుకెళ్ళాను. దాని పేరు ఇక్కడ రాయడం లేదు. మెచ్చుకున్నవి చాలా ఉన్నా, నొచ్చుకున్నవి కూడా రెండు మూడు ఉన్నాయి. పన్నెండు కుర్చీల మీద బతికే చోటును పేరు పెట్టి ఎత్తిచూపడం నాకు సబబుగా తోచలేదు.

అక్కడ మెనూ కార్డు చూసి కోరుకోవడం ఉండదు. ఆ రోజు ఏమేమి వండాలో, ఏది ముందు రావాలో, ఏది వెనక రావాలో, ఎవరికి ఎంత పెట్టాలో అన్నీ వండేవారే నిర్ణయిస్తారు. తినేవారు వేళకు వచ్చి కూర్చోవడమే. దీన్ని టేస్టింగ్ మెనూ అంటున్నారు. జపాన్ సుషీ దుకాణాల్లో వాడే 'ఒమకసే' అన్న మాటకు కూడా 'మీకే వదిలేస్తున్నాను' అనే అర్థం. ఐరోపాలో మాత్రం ఒకదాని తర్వాత ఒకటిగా వడ్డించడం అనాదిగా ఉన్న పద్ధతేమీ కాదు. ఫ్రాన్సులో పూర్వం విందు వంటకాలను ఒకేసారి బల్ల నిండా పరిచేవారు. వరుసగా తెచ్చి పెట్టే రష్యన్ పద్ధతి 19వ శతాబ్దంలో గానీ అక్కడ స్థిరపడలేదు. ఆ లెక్కన మన విస్తరి పాత ఫ్రెంచి బల్లకు దగ్గరి చుట్టం. పప్పు, కూర, పచ్చడి, పులుసు, చారు, పెరుగు అనే వరుస మనకూ ఉంది, కానీ ఆ వరుసను తప్పే హక్కు తినేవాడిది. చారు పోసుకున్నాక మళ్ళీ పప్పు దగ్గరికి వెళ్ళినా మనల్ని ఎవరూ ఏమీ అనరు.

మన దేశంలో ఈ పద్ధతికి ఇప్పుడిప్పుడే ఊపు వస్తోంది. ముంబయిలో మహాలక్ష్మి దగ్గర పాత ఊలు మిల్లు ఆవరణలో 2016లో మొదలైన మాస్క్ అనే రెస్టారెంటు ఈ దారిలో ముందు నడిచింది. దాని మొదటి చెఫ్ ప్రతీక్ సాధు తర్వాత హిమాచల్‌లో కసౌలీ దగ్గర నార్ అనే చిన్న రెస్టారెంటు తెరిచారు. బెంగళూరు శివార్లలోని ఫామ్‌లోర్ 37 ఎకరాల తోట మధ్యలో పద్దెనిమిది మందికి మాత్రమే వండుతుంది. మేము వెళ్ళిన చోటు వీటంత పేరున్నది కాదు, తోటా లేదు. పాత ఇళ్ళ వీధిలో ఒక మేడ కింది భాగం, అంతే.

అక్కడ కుర్చీ దొరకాలంటే నెల ముందే డబ్బు కట్టాలి. మనిషికి 5,200 రూపాయలు, పన్ను అదనం. ఆఖరి వారంలో మానుకుంటే ఒక్క రూపాయి కూడా తిరిగి రాదు. నాటకానికి టికెట్టు కొన్నట్టు భోజనానికి ముందే టికెట్టు కొనిపించే ఈ ఏర్పాటును బాగా ప్రచారంలోకి తెచ్చింది షికాగోలో 2011లో తెరిచిన నెక్స్ట్ అనే రెస్టారెంటు. పన్నెండు మందికి సరిగ్గా సరిపోయేలా సరుకు తెచ్చుకున్నప్పుడు ఇద్దరు రాకపోతే ఆ రాత్రి రాబడిలో ఆరో వంతు పోయినట్టే కదా. ధర చెప్పకుండా ఈ సంగతి మాత్రం బాబాయికి విడమరచి చెప్పబోతే ఆయన మధ్యలోనే ఆపేశారు.

"బయానా లేకుండా సరుకు ఎవడు దింపుతాడ్రా? ఎంతిచ్చావేంటి, మూడో వంతా?"

"మొత్తం, బాబాయ్."

ఆయన కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "నా జన్మలో ఏ పెళ్ళివారూ నాకు మొత్తం ముందు ఇవ్వలేదు" అన్నారు. ఆ గొంతులో ఉన్నది అసూయో అభిమానమో నాకు తెలియలేదు.

రెండు రోజుల ముందు రెస్టారెంటు నుంచి ఫోన్ చేసి, ఏవి పడవో ఏవి తినరో అడిగి రాసుకున్నారు. ఇద్దరం శాకాహారులమనీ, బాబాయి వెల్లుల్లి, పుట్టగొడుగులు ముట్టరనీ చెప్పాను. శాకాహారులకు ధర తగ్గించరా అని నేను కూడా ఒకప్పుడు గొణిగినవాణ్ణే. ఇలాంటి చోట మనం ఇచ్చే డబ్బులో సరుకు కంటే మనుషుల పనికీ ఇంటి అద్దెకీ పోయేదే ఎక్కువని అర్థమయ్యాక ఆ గొణుగుడు మానేశాను.

మొదటి నొచ్చుకోలు గుమ్మం దాటగానే ఎదురైంది. గుర్రపు నాడా ఆకారంలో చెక్కబల్ల, దాని చుట్టూ ఎత్తైన స్టూళ్ళు, నడుమ వంటగది. బాబాయికి డెబ్బై ఒకటి. ఆ స్టూలు ఎక్కడానికి నా భుజం పట్టుకోవాల్సి వచ్చింది, ఎక్కాక కాళ్ళు గాలిలో వేలాడాయి. వీపు ఆన్చుకునే కుర్చీ అడిగితే లేదన్నారు. చివరికి గోడవారగా ఉన్న స్టూలు దగ్గరికి మార్చి, కాళ్ళ కింద ఒక చెక్కపెట్టె పెట్టారు. తినడానికి ఏమేమి పడవని ఫోన్ చేసి మరీ అడిగినవాళ్ళు, రెండున్నర గంటలు కూర్చోగలరా అని కూడా అడిగి ఉంటే బాగుండేది.

కూర్చున్నాక మాత్రం ఆయన కళ్ళు వంటవాళ్ళ చేతుల మీదే ఉండిపోయాయి. ఐదుగురు కుర్రవాళ్ళు. పొడవాటి తెల్ల టోపీలు లేవు, బల్ల మీద గుడ్డలు లేవు. ముడతలు పడిన నూలు చొక్కాల మీద ఏప్రన్లు కట్టుకున్నారు. పెద్ద వంటవాడు తానే పళ్ళెం తెచ్చి మన ముందు పెట్టి, ఎదురుగా నిలబడి మాట్లాడతాడు. ఎవరికైనా కావాలంటే బల్ల మీద నుంచి వంగి పొయ్యిలోకి తొంగిచూడవచ్చు. మా పక్కవాళ్ళకు చేప వండుతున్నారు. నేను గమనించక ముందే బాబాయి చూశారు: మా ఇద్దరి పెనం పిడికీ, గరిటె కాడకీ ఆకుపచ్చ టేపు చుట్టి ఉంది. ఆ టేపు ఉన్న గరిటె రెండో పెనం వైపు వెళ్తుందేమోనని ఆయన రెండు వంటకాలు పూర్తయ్యేదాకా కాపలా కాశారు. వెళ్ళలేదు. అప్పుడు గానీ ఆయన భుజాలు సడలలేదు.

మూడోదిగా చిన్న పింగాణీ కప్పులో మంచినీళ్ళలా కనిపించే ఏదో వచ్చింది. పైన పచ్చటి నూనె చుక్కలు మూడు తేలుతున్నాయి. టమాటాలను ఉప్పు వేసి నలగ్గొట్టి, రాత్రంతా గుడ్డలో వేలాడదీసి, చుక్క చుక్కగా దిగిన నీటిని మిరియం, జీలకర్రతో గోరువెచ్చగా కాచారట. నూనె కొత్తిమీర కాడలదట. టమాటాకు ఎరుపునిచ్చే పదార్థం నీటిలో కరగదు కాబట్టి గుజ్జుతో పాటు గుడ్డలోనే ఉండిపోతుంది, పులుపూ ఉప్పూ తీపీ మాత్రం నీటితో కిందికి దిగివస్తాయి. కంటికి నీళ్ళు, నాలుకకు చారు. నేను ఒక్క గుక్కలో తాగేసి తర్వాత బాధపడ్డాను. బాబాయి కప్పును రెండు చేతులతో పట్టుకుని ముందు వాసన చూసి, మూడు గుక్కల్లో పూర్తిచేసి, "చారుతేట" అన్నారు. ఇంట్లో ఎవరికైనా జ్వరం తగ్గిన మర్నాడు, కదపకుండా ఉంచిన చారు మీద తేరిన నీటిని మాత్రం వంచి పోసేవారు. అది నేనూ తాగినదే. పథ్యపు తిండిని ఇక్కడ విందులో పెట్టారన్నమాట. నాకు ఆ మాట ఇంగ్లీషులోకి మార్చి చెప్పడం రాలేదు, ప్రయత్నించి వదిలేశాను.

అన్నీ ఇలా కుదరలేదు. ఐదోది బీట్‌రూటు, మేకపాల చీజు, కాఫీ పొడి కలిపిన పళ్ళెం. ఎడమొహం పెడమొహంగా ఉన్న ముగ్గురు తోడికోడళ్ళను ఒకే పీట మీద కూర్చోబెట్టినట్టు ఉంది. ఇద్దరం సగంలో వదిలేశాం. పైగా ప్రతి వంటకానికీ ముందు ఒక ఉపన్యాసం తప్పదు. ఏ రైతు పండించాడు, ఎన్ని రోజులు ఊరబెట్టారు, చెఫ్‌కు చిన్నప్పుడు ఏం గుర్తొచ్చింది అనేవన్నీ వినాలి. వినదగినవే, కాదనను. కానీ పొగలు కక్కుతూ వచ్చిన పళ్ళెం ముందు చేతులు కట్టుకుని కూర్చోవడం మర్యాదే అయినా న్యాయం కాదు. "చెప్పేది ముందు చెప్పి తర్వాత వడ్డించమనరా, చల్లారిపోతోంది" అని బాబాయి నా చెవిలో అన్నారు.

ఏడోది పనసకాయ. బొగ్గుల మీద కాల్చిన లేత పనస ముక్కలు మూడు, ఒక్కొక్కటీ చూపుడువేలంత, మీద పసుపుపచ్చని ముద్ద, దాని మీద దోరగా వేగిన మినప్పప్పు. చేత్తో తినమన్నారు. చెఫ్ మంగళూరు వైపు కుర్రాడు. తమ ఇళ్ళలో ఆవ నూరి చేసే సాసివె అనే వంటకాన్ని తలచుకుని దీన్ని కట్టానని చెప్పాడు. అతను చెప్పడం పూర్తికాక ముందే బాబాయి ముక్క నోట్లో పెట్టుకుని కళ్ళు మూసుకున్నారు. ఆవ ముక్కు దాకా ఎక్కి, ఎక్కినంత వేగంగానే దిగిపోయింది; చేదు ఆనవాలు లేదు. ఇది చెప్పినంత తేలిక కాదు. ఆవగింజ పొడిగా ఉన్నంతసేపు దానికి ఘాటు ఉండదు, నలిగి చల్లటి తడి తగిలినప్పుడే ఘాటు పుడుతుంది. మరిగే నీళ్ళు తగిలినా, పొయ్యి మీద ఉన్న కూరలో కలిపినా ఆ ఘాటు చచ్చిపోయి చేదు మిగులుతుంది. అందుకే మా వైపు పనసపొట్టు కూరను దించి, వేడి తగ్గాకే ఆవ పెడతారు. పెళ్ళిలో ఆ పని బాబాయి తన సహాయకుల చేతికి ఎప్పుడూ ఇచ్చేవారు కాదు.

మూడు ముక్కలూ అయిపోయాయి. బాబాయి కళ్ళు తెరిచి, చేయి ముందుకు చాపి, వంటవాడితో తెలుగులోనే, "నాయనా, ఇంకో రెండు వెయ్యి" అన్నారు.

ఆ కుర్రాడికి తెలుగు రాదు. కానీ చాచిన చేతికి భాష అక్కర్లేదు. అతని మొహం ఒక్క క్షణం ఎర్రబడింది. పన్నెండు మందికి మూడేసి చొప్పున ముప్ఫై ఆరు ముక్కలే కోశామనీ, మిగిలినవి లేవనీ, క్షమించమనీ ఇంగ్లీషులో నాతో చెప్పాడు. బల్ల చుట్టూ మాటలు ఆగిపోయాయి. ఎవరూ నవ్వలేదు గానీ, నవ్వకుండా ఉండడానికి ఇద్దరు ముగ్గురు నీళ్ళగ్లాసులు అందుకున్నారు. నాకు తల కొట్టేసినట్టయింది. ఆ సిగ్గు ఎవరి తరఫున పడ్డానో తర్వాత ఆలోచిస్తే ఇంకా సిగ్గేసింది. విన్నది నేను తెలుగులో చెప్పగానే బాబాయి మాత్రం తేలిగ్గా తల ఊపారు. "లెక్కగా చేశారా? అయితే సరే" అన్నారు.

ఆయన చేతిని మాత్రం నేను తప్పుపట్టలేను. మన బంతిలో మారు అడగడం తినేవాడికి అవమానం కాదు, అడిగించుకోవడం వడ్డించేవాడికి అవమానం. విస్తరి మీదికి వంగి రెండు చేతులూ అడ్డం పెట్టి 'చాలు, చాలు' అనేదాకా వడ్డన ఆగదు, అన్నాక కూడా వేళ్ళ సందుల్లోంచి ఒక గరిటె పడుతుంది. అసలు కంటే కొసరు ముద్దని మనకు ఊరికే సామెత పుట్టలేదు. వంద మందికి చెబితే నూట ఇరవై మందికి వండితేనే పరువు దక్కుతుందని బాబాయి అనేవారు. ఆయన లెక్క మొత్తం ఆ మారు కోసం కట్టిన లెక్క.

ఇక్కడి లెక్క దానికి సరిగ్గా ఎదురు. కాలిఫోర్నియాలో 1994 నుంచి ఫ్రెంచ్ లాండ్రీ నడుపుతున్న థామస్ కెల్లర్, తన పళ్ళేలు అంత చిన్నవిగా ఎందుకుంటాయో చెప్పడానికి అర్థశాస్త్రంలోని ఒక సూత్రాన్ని చూపిస్తాడు. మొదటి ముద్దకు కలిగిన ఉత్సాహం తర్వాతి ముద్దలకు తగ్గుతూ పోతుంది కాబట్టి, 'ఇంకొక్కటి ఉంటే బాగుండు' అనిపించే చోటనే ఆపేయాలంటాడు. టేస్టింగ్ మెనూ మొత్తం ఆ 'ఇంకొక్కటి' మీదే నిలబడింది. చారుతేట విషయంలో నేను అతనితో ఏకీభవిస్తాను. రెండో కప్పు ఇచ్చి ఉంటే అది వట్టి టమాటా నీళ్ళయ్యేది. పనస విషయంలో ఒప్పుకోను. ఆవ, కారం, పులుపు ఉన్న కూరలు మొదటి ముద్దకు పలకరించి, నాలుగో ముద్దకు గానీ మనసు విప్పవు. వాటికి అన్నం కావాలి, కాసేపు కూర్చోవడం కావాలి. మూడు ముక్కల దగ్గర ఆపడమంటే చుట్టం గుమ్మంలోకి రాగానే వీడ్కోలు చెప్పడమే.

ఆఖరున తాటిబెల్లం పాకంతో ఏదో చల్లటి తీపి వచ్చింది. బాబాయి గిన్నె అడుగున మిగిలిన పాకాన్ని చూపుడువేలితో చుట్టి నాకేశారు. ఈసారి నేను సిగ్గుపడలేదు. బ్యాంకాక్‌లో పద్నాలుగు మందిని బల్ల చుట్టూ కూర్చోబెట్టి వండే కోల్‌కతా మనిషి గగ్గన్ ఆనంద్, పెద్దగా రాక్ పాట పెట్టి, చెంచా ఇవ్వకుండా పళ్ళేన్ని నాలుకతో నాకిస్తాడు. ఆసియాలోని మేటి రెస్టారెంట్ల జాబితాలో మొదటి స్థానం అతనికి ఒక్కసారి కాదు, పలుమార్లు వచ్చింది. మా బాబాయి అంత దూరం వెళ్ళలేదు.

అందరూ లేస్తుండగా చెఫ్ ఫిల్టర్ కాఫీ గ్లాసు ఒకటి తెచ్చి బాబాయి ముందు పెట్టి, తానే స్టూలు లాక్కుని కూర్చున్నాడు. కాఫీ మెనూలో లేదు. నేను మధ్యలో దుబాసీనయ్యాను. ఆవ దేనితో నూరావని బాబాయి అడిగితే ఐసుముక్కలు వేసి తిప్పానన్నాడు. "మేము కొత్తకుండలో నీళ్ళతో నూరేవాళ్ళం" అని బాబాయి సంతోషపడ్డారు. మీరు ఎంత మందికి వండేవారని కుర్రాడు అడిగాడు. ఒక పెళ్ళికి రెండు వేల మందికి, పదకొండు మంది మనుషులతో అని చెప్పాను. అతను తన నలుగురు సహాయకుల వైపు చూసి ఏమీ అనలేదు.

"నువ్వు అదృష్టవంతుడివి నాయనా" అన్నారు బాబాయి. "వండినవాడివి నువ్వే, పెట్టినవాడివి నువ్వే. నేను పెరట్లో పొగలో ఉండేవాణ్ణి, బంతి పందిట్లో సాగేది. వాళ్ళు తింటుంటే మొహాలు చూసింది లేదు. గుండిగలు వెనక్కి వస్తాయే, వాటి అడుగు చూసి బాగుందో లేదో తెలుసుకునేవాణ్ణి."

ఇది నేను ఎన్నడూ వినని మాట. మా ఇంట్లో ఎవరూ విని ఉండరు. ఇంగ్లీషులో చెప్పడానికి కొంచెం ఆగాల్సి వచ్చింది. చెఫ్ విని, తాను మొహాల కంటే తిరిగొచ్చిన పళ్ళేలనే నమ్ముతానన్నాడు; ఎదురుగా నిలబడితే అందరూ బాగుందనే అంటారట. "బీట్‌రూటు మీరిద్దరే కాదు, ఈ రాత్రి ఏడుగురు వదిలేశారు" అన్నాడు. మొహం ఎదుట ఉన్నా చివరికి గుండిగ అడుగే సాక్ష్యమన్నమాట.

ఇంటికెళ్ళి పెరుగన్నం కలుపుకుని తిన్నామని రాస్తే ఈ కథకు కుదిరేది. తినలేదు. పదకొండు వంటకాలు చిన్నవే అయినా కడుపు నిండింది. క్యాబులో బాబాయి ధర చెప్పేదాకా వదల్లేదు. ఇద్దరికీ కలిపి పదకొండు వేలకు దగ్గరగా అయిందని చెప్పి, తిట్లకు సిద్ధపడ్డాను. ఆయన వేళ్ళ మీద లెక్క మొదలుపెట్టారు. ఒక్క బంతి, పన్నెండు విస్తళ్ళు, అరవై రెండు వేల పైన. ఐదుగురు పనివాళ్ళు, ఆ వీధిలో అద్దె, రోజూ కొత్త సరుకు, మిగిలినా మర్నాడు పనికిరాదు. ట్రాఫిక్ సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు, "వాడికి మిగిలేది ఏమంత లేదురా" అన్నారు. తర్వాత కొంతసేపటికి, "స్టూళ్ళు మార్చమని చెప్పు" అని కలిపారు.

ఆయన ఊరికి చేరిన మర్నాడు పొద్దున్నే ఫోన్ చేశారు. కళ్ళజోడు సంగతేమోననుకున్నాను.

"ఒరేయ్, ఆ టమాటాలు రాత్రంతా గుడ్డలో వేలాడదీశానన్నాడు కదా. మల్లుగుడ్డా, కోరాగుడ్డా? అడగడం మరిచిపోయాను. కనుక్కుని చెప్పు."